మా రిహానా తీసిన దవడ ఫోటో

తెనాలిలో మా స్కానింగ్ సెంటర్‌కి వచ్చేవాళ్ళలో సగం మంది నాతో గొడవ పెట్టుకున్నాకే లోపలికి వెళతారు. టోకెన్లు ఇచ్చేది నేను. పేరు సరోజ. పదమూడేళ్ళుగా ఆ అద్దాల కౌంటరు వెనకాలే ఉన్నాను. ముందొచ్చినవాళ్ళని ముందు పంపుతాను, ఎంత పెద్దమనిషి బావమరిది అయినా సరే కూర్చోమంటాను. నా నోటికి భయపడేవాళ్ళున్నారు, చాటుగా తిట్టుకునేవాళ్ళూ ఉన్నారు. అలాంటి నా నోరు ఒక్కరి సంగతి వచ్చేసరికి పొగడ్తలకే తెరుచుకుంటుంది. ఆ ఒక్కరూ మా ఎమ్మారై టెక్నీషియన్ రిహానా. ఇది ఆ పిల్ల కథ. నేను చెబితే కొంచెం గొప్పగానే ఉంటుంది, ముందే చెబుతున్నాను.

రిహానా వాళ్ళది మారీసుపేట. తండ్రి నాగూర్ బాషా పరుపులు కుడతాడు. పాత పరుపు విప్పి, దూది ఏకి, మళ్ళీ నింపి, పెద్ద సూదితో కుట్టి ఇవ్వడం ఆయన పని. స్పాంజి పరుపులు వచ్చాక పని తగ్గింది గానీ, నడుంనొప్పి వాళ్ళు ఇప్పటికీ ఆయన్నే వెతుక్కుంటూ వస్తారు. కుట్టడం అయ్యాక కళ్ళు మూసుకుని పరుపంతా అరచేత్తో తడుముతాడు. ఎక్కడైనా దూది ఉండకట్టి ఉంటే చెయ్యి అక్కడ ఆగిపోతుంది. "గట్టిగా నొక్కితే అన్నీ ఒకేలా ఉంటాయమ్మా. చెయ్యి తేలిగ్గా ఆనిస్తేనే తెలిసేది" అంటాడు. ఆ మాట నాకు రిహానాయే చెప్పింది, మొదటి జీతం అందుకున్న రోజున.

ఇంటర్ అయ్యాక ఈ పిల్ల గుంటూరు వెళ్ళి స్కానింగు కోర్సు చదువుతానంటే చుట్టాలంతా మూకుమ్మడిగా దిగారట. ఆడపిల్లకి కరెంటు మిషన్లతో పనేంటి, ఎవరెవరో మగవాళ్ళని పడుకోబెట్టి ఫోటోలు తియ్యడమేంటి అని. కందకు లేని దురద కత్తిపీటకెందుకో! వాళ్ళమ్మ కరీమాబీ మహా నెమ్మదస్తురాలు. గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆవిడే ఆ రోజు లేచి, "నేను పదహారేళ్ళ నుంచి కుట్టుమిషను తొక్కుతున్నాగా, అప్పుడు ఎవరికీ నొప్పి లేదే. అదీ మిషనే, ఇదీ మిషనే" అందట. అంతే, అందరూ టీలు తాగి వెళ్ళిపోయారు.

చదువయ్యాక మొదటి ఉద్యోగం బాపట్లలో, ఒక పళ్ళ డాక్టరు గారి దగ్గర. పొద్దున రైలెక్కి వెళ్ళేది, సాయంత్రం రైల్లో వచ్చేది. దవడ ఎక్స్‌రేలు తియ్యడమే పని. అక్కడే ఒక సంగతి గమనించింది. పన్ను నొప్పని వచ్చి, పన్ను పీకించుకుని, అయినా నొప్పి పోక మళ్ళీ వచ్చేవాళ్ళు కొందరుండేవాళ్ళు. ఆవులిస్తే చెవి పక్కన టక్కుమంటుందంటారు, ముద్ద పెట్టుకోవడానికి నోరు తెరుచుకోదంటారు. పన్ను బాగానే ఉంటుంది. తేడా అంతా దవడ కీలులోనో, నమిలే కండలోనో. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది గానీ కండ కనిపించదు కదా. "ఆ కండ కనపడితే బాగుండు అనిపించేది అక్కా" అని ఎన్నిసార్లు అందో. ఆ కండ కోసమే మా తెనాలి ఎమ్మారైకి వచ్చిందంటే నమ్ముతారా? నేను నమ్మలేదు. జీతం ఎక్కువని వచ్చిందనుకున్నాను.

వచ్చిన రోజే నాతో పడింది. ఎమ్మారై గది అంటే పెద్ద అయస్కాంతం. ఇనుము ముక్క లోపలికి పోతే తుపాకీ గుండులా ఎగిరిపోతుంది. "తల్లీ, నువ్వు పేషెంట్ల గొలుసులు తీయించడం సంగతి తర్వాత, ముందు నీ స్కార్ఫుకున్న పిన్నులు తియ్యి" అన్నాను నలుగురిలో. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. మర్నాడు ఒక్క పిన్ను లేకుండా, చెవుల వెనక ముడేసి, కొసలు లోపలికి దోపుకుని వచ్చింది. "చూసుకోండక్కా, అయస్కాంతం తెచ్చి ఆనించుకోండి" అంది. పిట్ట కొంచెం కూత ఘనం అనుకున్నాను. అప్పటి నుంచే నాకు నచ్చింది.

దవడ స్కానింగు అంటే టెక్నీషియన్లు మొహం చిట్లిస్తారు. కారణం ఉంది. మోకాలిని కదలకుండా పెట్టమంటే పెడతారు. నోరు కదలకుండా పెట్టమంటే ఎలా? నొప్పి ఉన్నవాళ్ళు గుటకలు వేస్తారు, భయపడితే పళ్ళు బిగపడతారు, ఏడిస్తే గడ్డం వణుకుతుంది. కదిలితే ఫోటో అలుక్కుపోతుంది. పైగా ఒకటి నోరు మూసి తియ్యాలి, ఒకటి నోరు తెరిచి తియ్యాలి. తెరిచిన నోరు నాలుగు నిమిషాలు అలాగే ఉండాలి. మామూలు మనిషికే చేతకాదు, దవడ నొప్పి ఉన్నవాళ్ళకి ఎలా అవుతుంది?

రిహానా ఒక ఆదివారం మెషిన్ ఖాళీగా ఉన్నప్పుడు మా సెంటర్ డాక్టరు గారి అనుమతి అడిగి, తనే లోపల పడుకుంది. సూది తీసేసిన ప్లాస్టిక్ సిరంజిల గొట్టాలు పళ్ళ మధ్య పెట్టుకుని చూసింది. ఐదు మిల్లీలీటర్లది ఒకసారి, పదిది ఒకసారి, ఇరవైది ఒకసారి. ఏ గొట్టం ఎంత నోటికి సరిపోతుందో కాగితం మీద రాసుకుంది. గొట్టం మీద పళ్ళు ఆనితే దవడ బరువు దాని మీద పడుతుంది, కండ వదులవుతుంది, మనిషి కదలడు. తర్వాత తండ్రి చేత రెండు చిన్న దూది దిండ్లు కుట్టించింది. జిప్పు లేదు, గుండీ లేదు. చెంపలకి అటొకటి ఇటొకటి పెడితే తల పక్కకి ఒరగదు. నాగూర్ బాషా వాటిని తనే తెచ్చి ఇచ్చి, గది బయట నుంచి ఆ మిషన్ని కాసేపు చూసి, "ఇంత మిషనుకి నా దూది కావాల్సొచ్చిందా!" అని మురిసిపోయాడు. ఆయన మొహం చూస్తే నాకూ కడుపు నిండింది.

ఇంకొకటి చెప్పాలి. పెళ్ళయిన ఆడవాళ్ళు మెడలో పుస్తెలు తియ్యమంటే ఒప్పుకోరు. భర్త బతికుండగా మెడ బోసిగా ఉండకూడదంటారు. గొలుసుతో లోపలికి పంపలేం. రోజూ ఇదే యుద్ధం. నేనైతే కసిరేదాన్ని. రిహానా తన సొరుగులో పసుపుతాళ్ళు, పసుపుకొమ్ములు కట్టి రెడీగా పెట్టుకోవడం మొదలుపెట్టింది. ముందు ఆ తాడు మెడలో పడుతుంది, తర్వాతే గొలుసు బయటికొస్తుంది. ఎవరికీ బాధ లేదు. కొమ్ములు గంగానమ్మపేటలో ఒక కొట్లో కొంటుంది. కొట్టాయన ఒకసారి, "ఏంటమ్మా, సాయిబుల అమ్మాయివి, నీకివెందుకు?" అని అడిగితే, "మా పేషెంట్ల మొగుళ్ళ ఆయుష్షుకండి" అందట. ఆ మాట నేను కనీసం వంద మందికి చెప్పి ఉంటాను.

ఇక అసలు సంగతికి వస్తాను. రెండేళ్ళ కిందట, కార్తీకం వెళ్ళిన వారం, మంగళవారం. రేపల్లె రైలు దిగి ఒక జంట వచ్చారు. ఆవిడ పేరు పద్మావతి, నలభై ఎనిమిదేళ్ళుంటాయి. భర్త నాగులు. నిజాంపట్నం పక్కన సముద్రం ఒడ్డు పల్లె వాళ్ళది. ఆవిడ చెంగుతో ఎడం బుగ్గ కప్పుకుని ఉంది. టోకెను రాస్తూ, "చెంగు తియ్యమ్మా, పేరు సరిగ్గా వినపడట్లేదు" అన్నాను. తీసింది. దవడ మూల దగ్గర బుగ్గ ఇంత ఎత్తున లేచి ఉంది. నోరు రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోవడం లేదు. ఏడాదిగా పెరుగన్నం పిసికి మింగుతోందట. లేచి కుర్చీ చూపించాను.

నాగులు చెప్పుకొచ్చాడు. ముగ్గురు డాక్టర్లకి చూపించారు. ఎక్కడో ఒక చోట స్కానింగు కూడా అయింది. నొప్పికి ఆవిడ కదిలిపోవడంతో ఫోటోలు మసకగా వచ్చాయి, బుగ్గలో గడ్డ ఉండే అవకాశం కొట్టిపారెయ్యలేమని రాశారు. ఇక పెద్ద ఊళ్ళో సర్జన్ గారు కోసి తీసెయ్యాలన్నారు. గురువారం పొద్దునే ఆపరేషను. కోసే ముందు గడ్డ ఎంత లోతుందో తెలియాలని మా దగ్గరికి పంపారు. "మొహం నరం ఆ దగ్గర్లోనే ఉందంటండి. అది తెగితే మూతి ఒక పక్కకి జారిపోద్దంట, కన్ను మూతపడదంట. ఒప్పుకుంటున్నామని సంతకం పెట్టించుకున్నారు" అన్నాడు. ఆ సంతకం పెట్టిన చేతిని లుంగీకి తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఆవిడ మాత్రం, "జారితే జారింది. ఆ జబ్బు కాకపోతే చాలు" అంది. ఆ జబ్బు పేరు మా సెంటర్లో ఎవరూ పలకరు. అందరికీ అర్థమవుతుంది.

ఆ రోజు ఆడవాళ్ళ బట్టలు మార్పించే విజయమ్మ సెలవు పెట్టింది. అందుకని నేనే పద్మావతిని లోపలికి తీసుకెళ్ళాను. మెట్టెలు తీసింది, గాజులు తీసింది, ముక్కుపుడక తీసింది. పుస్తెల దగ్గరికి వచ్చేసరికి రెండు చేతులూ గుండె మీద పెట్టుకుంది. "ఇది తియ్యను తల్లీ. గురువారం ఏమవుద్దో ఏమో, ఇప్పుడు ఇది తియ్యలేను" అంది. నేను ఏదో అనబోయాను. రిహానా నన్ను ఆపి, సొరుగులోంచి పసుపుతాడు తీసి చేతిలో పెట్టింది. "ముందు ఇది కట్టుకో పిన్నీ. తర్వాతే అది తియ్యి."

పద్మావతి మొహం వెలిగింది. తాడు మెడ చుట్టూ తిప్పి, చేతులు వెనక్కి పెట్టి, చూడకుండానే చిటికెలో ముడి వేసింది. ముడి బాగానే పడింది గానీ కొసలు బారెడు మిగిలాయి. ఫోటోకి అడ్డం వస్తాయని రిహానా, "ఆగు పిన్నీ, కౌంటరు దగ్గర కత్తెరుంది, అక్కడ కత్తిరించుకొద్దాం. ఇక్కడికి ఇనుము రానివ్వం" అంటోంది. మాట పూర్తి కాలేదు. పద్మావతి ఆ కొసని ముందుకి లాక్కుని, ఎడం వైపు దవడ పళ్ళ మధ్య పెట్టి, తల ఒక్క విసురు విసిరింది. తాడు తెగింది. మరుక్షణం "అమ్మా!" అని బుగ్గ పట్టుకుని వంగిపోయింది.

నేను ఆవిడ్ని పట్టుకున్నాను. "నొప్పి పెట్టుకుని కొరకడమేంటమ్మా, ఒక్క నిమిషం ఆగలేవూ!" అని అరిచాను కూడా. రిహానా మాత్రం కదలకుండా ఆవిడ బుగ్గ వైపే చూస్తోంది. అరవొద్దన్నట్టు నాకు చెయ్యి అడ్డం పెట్టి, ఆవిడ ముందు కూర్చుంది.

"పిన్నీ, ఇలా రోజూ కొరుకుతావా?"

"అలవాటు తల్లీ. వలలు బాగుచేస్తాను కదా. ముడి వేసినప్పుడల్లా దారం తెంపాలి."

"రోజుకి ఎన్నిసార్లు?"

"లెక్కేంటి? ముడికొకసారి. వందలు. బోట్లు వచ్చిన రోజు ఇంకా ఎక్కువ."

"ఎప్పటి నుంచి?"

"కాపరానికొచ్చిన కాణ్ణుంచి. ముప్పై ఏళ్ళు. మా ఆయన ఏడాదిన్నర మంచాన పడ్డప్పుడైతే ఊరి వలలన్నీ నేనే చేశాను. కుడి పక్క పన్ను ఒకటి పోయింది, అందుకని అంతా ఈ పక్కే."

"బ్లేడు పెట్టుకోవచ్చుగా?"

పద్మావతి ఆ నొప్పిలోనూ నవ్వబోయింది. "వల దగ్గర ఇనుము పెట్టనిచ్చేది కాదు మా అత్త. పొరపాటున వల కన్ను ఒక్కటి తెగిందంటే చేపలన్నీ ఆ కంతలోంచే పోతాయనేది. మా పక్క ఆడోళ్ళెవరూ వల మీద కత్తి పెట్టరు."

"మరి డాక్టర్లకి ఇది చెప్పలేదా?"

"ఏమైనా నములుతావా అని అడిగారు. ఆకు, వక్క, గుట్కా అన్నీ అడిగారు. ఏమీ నమలనండి అన్నాను. ఇది నమలడం కాదుగా తల్లీ, పని."

ముగ్గురు డాక్టర్లు అడిగిన ప్రశ్నకి ఆవిడ నిజమే చెప్పింది. ఒక్క అబద్ధం లేదు. దారం తెంపడం ఒంటికి పట్టే సంగతని ఆవిడకి తట్టనే లేదు. చెయ్యి నొప్పెడితే పని మాట చెప్పేదేమో, దవడకీ పనికీ సంబంధం ఉందని ఎవరనుకుంటారు?

రిహానా ఆవిడ్ని పడుకోబెట్టింది. చెంపలకి దూది దిండ్లు ఆనించింది. పది మిల్లీలీటర్ల గొట్టం నోట్లో పట్టలేదు, ఐదుది పట్టింది. మైకులో మాట్లాడుతూనే ఉంది. "ఇప్పుడు చప్పుడొస్తుంది పిన్నీ, బోటు ఇంజను అనుకో. మింగాలంటే నేను చెప్పినప్పుడు మింగు. ఇప్పుడొద్దు... ఇంకొంచెం... ఇప్పుడు మింగు." ఫోటోలు అద్దం తుడిచినట్టు వచ్చాయి. ఆవిడ ఒక్కసారి కూడా కదల్లేదు.

మా రేడియాలజిస్టు నాగేంద్రబాబు గారు పక్క గదిలో వేరే రిపోర్టులు చూసుకుంటున్నారు. ఫోటోలకి అర్థం చెప్పేది ఆయన, తీసేది రిహానా. ఆ గీత ఈ పిల్ల ఎప్పుడూ దాటలేదు. ఆ రోజు వెళ్ళి తలుపు కొట్టింది. నేనూ వెనకాలే వెళ్ళాను, నాకేం పని అంటారా, ఏం పనీ లేదు, ఉండబట్టలేదు.

"సార్, ఇంకొక్క వరస తియ్యనివ్వండి. ఆవిడ చేత పళ్ళు గట్టిగా కొరికించి."

"చీటీలో అది లేదు కదమ్మా. గడ్డ లోతు అడిగారు, అదిస్తే చాలు. బయట పదకొండు మందున్నారు."

"గడ్డయితే కొరికినా మానినా ఒకేలా ఉంటుంది కదా సార్. కండయితే కొరికినప్పుడు ఉబ్బుతుంది. ఇప్పుడే తాడు కొరికారండి, నేను చూశాను. ఆ ఎత్తు మొత్తం బిగుసుకుని కదిలింది."

ఆయన కళ్ళజోడు తీశారు. "నొప్పిలో ఉన్న మనిషి చేత కొరికిస్తావా? ఏదైనా అయితే?"

"నలభై సెకన్లు సార్. మెత్తటి కట్టుగుడ్డ చుట్ట ఇస్తాను. ఓర్చుకోలేకపోతే వెంటనే ఆపేస్తాను. ఏమీ తేలకపోతే నన్ను తిట్టండి." అక్కణ్ణించి కదల్లేదు. "గురువారం కోసేస్తారు సార్."

నా నోరు ఊరుకుంటుందా? "ఆ పదకొండు మందినీ నేను చూసుకుంటా, మీరు రండి సార్" అన్నాను. నాగేంద్రబాబు గారు నన్నొక చూపు చూసి, లేచి వచ్చారు. మంచి మనిషి, కోపం వచ్చినా మాట వింటారు.

రిహానా పద్మావతికి విషయం చెప్పింది. నొప్పెడుతుందని కూడా దాచకుండా చెప్పింది. ఇష్టం లేకపోతే వద్దంది. "వల దారమే అనుకుంటా, ఇవ్వు తల్లీ" అని ఆవిడే ఆ గుడ్డచుట్ట అందుకుంది.

"ఇప్పుడు కొరుకు పిన్నీ. పట్టు... పట్టు... ఇరవై అయింది... ఇంకొంచెం ఓర్చుకో... ముప్పై... వదిలెయ్. అయిపోయింది, వదిలెయ్."

తెర మీద రెండు ఫోటోలు పక్కపక్కన వచ్చాయి. నాకు చదువు లేదు, టోకెన్లు రాసేదాన్ని. నాకే తెలిసింది. వదులుగా ఉన్నప్పుడు పొడుగ్గా ఉన్న ఆ ముద్ద కొరికినప్పుడు పొట్టిదై, లావై, బయటికి ఉబ్బింది. కుడివైపు కండ కూడా అలాగే ఉబ్బింది, కాకపోతే అది దీనిలో సగం లేదు. రెండింటిలోనూ సన్నటి పోగులు ఒకే వరసలో ఉన్నాయి. ఎక్కడా తెగలేదు, ఎక్కడా వేరే ముద్ద లేదు.

నాగేంద్రబాబు గారు కుర్చీ తెర దగ్గరికి లాక్కున్నారు. ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి చూశారు. చివరికి, "గడ్డ లేదమ్మా. వట్టి కండ. పని చేసి చేసి పెరిగిన కండ" అన్నారు. నోరు తెరవలేకపోవడానికీ కారణం చూపించారు. ఆ కండ లాగి లాగి, కీలు మధ్య ఉండాల్సిన మెత్తటి పొర ముందుకి జారిపోయింది. దానికి మందులున్నాయి, కాపడాలున్నాయి, పళ్ళకి పెట్టుకునే తొడుగుంది, దవడ వ్యాయామాలున్నాయి. కత్తి అవసరం లేదు. అయినా కోసే ఆయన ఒప్పుకోవాలి కదా. ఫోటోలన్నీ సర్జన్ గారికి పంపించి, ఆయన ఆపరేషన్ థియేటర్లో ఉన్నారంటే, బయటికొచ్చాక ఫోను చెయ్యమని చెప్పారు. అప్పటిదాకా పద్మావతికి ఎవరమూ ఏమీ చెప్పకూడదన్నారు. ఆశ పెట్టి మళ్ళీ లాక్కోకూడదు, అదీ నిజమే.

ఆ మూడు గంటలు నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. వాళ్ళిద్దరూ నా కౌంటరుకి ఎదురుగా బెంచీ మీదే కూర్చున్నారు. సాయంత్రం రేపల్లె రైలుకి టైమవుతోందని నాగులు గోడ గడియారం చూస్తున్నాడు. నాకేమో మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగుతోంది. రెండుసార్లు టీ తెప్పించి ఇచ్చాను, ఆవిడ చల్లార్చుకుని కొంచెం కొంచెం తాగింది. రిహానా మధ్యలో ఒకసారి తలుపు తీసి నా వైపు చూసింది, నేను లేదని తల ఊపాను, మళ్ళీ లోపలికి వెళ్ళి తర్వాతి పేషెంటుని పడుకోబెట్టింది. ఆ పిల్ల పని మాత్రం ఆగలేదు. పొద్దుటి నుంచి తీసిన ఒక్క ఫోటో కూడా మళ్ళీ తియ్యాల్సి రాలేదు.

నాలుగున్నరకి ఫోను మోగింది. సర్జన్ గారే.

"పద్మావతి గారు అక్కడే ఉన్నారామ్మా?"

"నా ఎదురుగానే ఉన్నారండి."

"గురువారం రావద్దని చెప్పండి. ఆపరేషను లేదు. నేను నాగేంద్రబాబు గారితో మాట్లాడాను, ఇద్దరం ఒకటే అనుకుంటున్నాం. మందులు నేను రాసి పంపుతాను. ఆరు వారాలకి ఒకసారి చూపించుకోమనండి."

"ఆపరేషను లేదంట!" అని అరిచాను, ఫోను చెవి దగ్గర పెట్టుకునే. హాలంతా తిరిగి చూసింది. నాగులు లేచినవాడల్లా మళ్ళీ బెంచీ మీద కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు.

"ఇంకొకటమ్మా" అన్నారు సర్జన్ గారు. "కొరికించి తియ్యడం ఎవరి ఆలోచన?"

"మా రిహానాదండి. టెక్నీషియను. మారీసుపేట పరుపుల నాగూర్ బాషా గారి కూతురు" అన్నాను. అంత వివరం ఆయనకెందుకు? ఎందుకైనా సరే, చెప్పాను. నాకు చెప్పాలనిపించింది.

"నేను ఆవిడ నోరు నాలుగుసార్లు తెరిపించి చూశానమ్మా. ఏం పని చేస్తావని అడగలేదు" అన్నారు. "ఆ అమ్మాయి వీలు చూసుకుని ఒకసారి మా దగ్గరికి రావాలి. మా దగ్గర నేర్చుకుంటున్న డాక్టర్లకి ఇదెలా తీసిందో చూపించాలి. నేను అడిగానని చెప్పండి." అడిగానని అన్నారు, రమ్మన్నానని అనలేదు. ఆ తేడా నాకు బాగా తెలుసు.

ఫోను పెట్టేసరికి రిహానా వచ్చి నిలబడి ఉంది. అన్నీ వినే ఉంటుంది. నేను పట్టుకుని వాటేసుకున్నాను, ఏడుపొచ్చింది, సిగ్గేం లేదు. "డాక్టర్లకి పాఠం చెప్పాలంట నువ్వు!" అంటే, "ఊరుకోండక్కా" అని నా చేతులు విడిపించుకుని పద్మావతి దగ్గరికి వెళ్ళి, గడ్డ లేదని చెప్పింది.

పద్మావతి ఏడవలేదు. అయోమయంగా బుగ్గ తడుముకుంటోంది. "గడ్డ లేదంటున్నారు. మరి ఇదేంటి తల్లీ? చేతికి తగుల్తానే ఉందిగా!"

"రా పిన్నీ, చూపిస్తాను" అని రిహానా ఆవిడ్ని చెయ్యి పట్టుకుని కంప్యూటరు గదిలోకి తీసుకెళ్ళింది. నాగేంద్రబాబు గారు తన కుర్చీ లేచి ఇచ్చారు. రెండు ఫోటోలూ తెర మీద పెట్టించారు.

"ఇది కుడి బుగ్గలో కండ పిన్నీ. అందరికీ ఉండేదే. ఇది ఎడమది. అదే కండ. నువ్వు ముప్పై ఏళ్ళుగా పని చేయిస్తే ఇంతైంది. జబ్బు కాదు. ఇది నీ కష్టం."

పద్మావతి కళ్ళు చిట్లించి ముందుకి వంగింది. వేలు చాపి, తాకొచ్చా అన్నట్టు మా వైపు చూసి, ఆ తెల్లటి పోగుల మీద పైనుంచి కిందికి నెమ్మదిగా నడిపింది.

"ఆయన మంచంలో ఉన్నప్పుడు ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టింది ఇదేగా తల్లీ" అంది. "దీన్నేనా నేను కోసి పారెయ్యమని సంతకం పెట్టించింది!"

అప్పుడు ఏడ్చింది. నాగులు "పద్మా" అంటూ తలుపు దగ్గర నుంచి లోపలికి వచ్చాడు. బయట టోకెన్ల వాళ్ళు గోల చేస్తున్నారు. నేను కదల్లేదు. రిహానా ఆవిడ భుజం మీద చెయ్యి తేలిగ్గా ఆనించి, ఆవిడ చూడడం అయ్యేదాకా ఆ ఫోటో తెర మీద అలాగే ఉంచింది.